చైనీస్ ‘తా’, తెలుగు ‘కొట్టు’

(చైనీస్ నేర్చుకుంటున్న తెలుగువారి కోసం హైదరాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు మనం ‘తా’ అనే ఒకే ఒక్క చైనీస్ అక్షరం గురించి మాట్లాడుకుందాం. మీలో కొందరు ఎంబీబీఎస్ చదవడానికి చైనా వెళ్ళబోతున్నారు. కొందరు సరుకు కోసం యీవూ హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్ళొచ్చే వ్యాపారులు. ఇంకొందరు ఏ అవసరమూ లేకుండా, భాష మీద ఇష్టంతో వచ్చారు. ఎవరు ఏ పని మీద వెళ్ళినా విమానం దిగిన మొదటి గంటలోనే ఈ అక్షరం ఎదురవుతుంది. ఫోన్ చేయాలంటే ఇదే, ట్యాక్సీ పిలవాలంటే ఇదే, వాన పడితే గొడుగు పట్టుకోవాలంటే కూడా ఇదే. చైనాలో అందరూ వాడే ప్రామాణిక నిఘంటువు ఈ అక్షరానికి క్రియగానే ఇరవైకి పైగా అర్థాలు ఇస్తుంది.

బోర్డు మీద చూడండి: 打. మొత్తం ఐదు గీతలు. ఎడమవైపు మూడు గీతలు: ఒక అడ్డగీత, కింద కొక్కెం ఉన్న ఒక నిలువుగీత, కింది నుంచి పైకి విసిరినట్టు ఒక ఏటవాలు గీత. ఈ మూడూ కలిస్తే చెయ్యి గుర్తు. చేత్తో చేసే పనుల అక్షరాల్లో ఈ గుర్తు కనబడుతూనే ఉంటుంది. తోయడం, లాగడం, వెతకడం, అన్నింటికీ ఎడమపక్క ఇదే చెయ్యి. కుడివైపు రెండు గీతలు: ఒక అడ్డం, కొక్కెంతో ఒక నిలువు. దాన్ని విడిగా ‘తింగ్’ అని చదువుతారు. కిందటి క్లాసులో చెప్పుకున్నాం కదా, చాలా చైనీస్ అక్షరాల్లో ఒక భాగం అర్థానికి, ఒక భాగం శబ్దానికి అని. ఇక్కడ చెయ్యి అర్థానికి, ‘తింగ్’ శబ్దానికి. మరి శబ్దం ‘తా’ అయినప్పుడు పక్కన ‘తింగ్’ ఎందుకు? ఈ ప్రశ్న మీకే కాదు, వెయ్యేళ్ళ కింద ఒక మహాపండితుడికి కూడా వచ్చింది. ఆయన దగ్గరికి కాసేపట్లో వెళదాం.

ముందు ఉచ్చారణ. చైనీస్ ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి పిన్‌యిన్. అందులో ఈ శబ్దాన్ని ‘డి’ అక్షరంతో రాస్తారు. అది చూసి మనవాళ్ళు ‘డా’ అనో ‘దా’ అనో పలుకుతారు. ఆ రెండూ కాదు. అది దాదాపు మన ‘తా’. తాత, తాడు అనే మాటల్లో ఉన్న ‘తా’. పిన్‌యిన్‌లో ‘టి’ అక్షరంతో రాసేది మన ‘థా’, ఒత్తు స్పష్టంగా పలకాలి. ‘అతను’ అనే మాట ‘థా’, ‘కొట్టు’ అనే మాట ‘తా’. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళకి ఈ తేడా పట్టుకోవడానికి చాలా సాధన కావాలి. మన అక్షరమాలలోనే త, థ పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. అందుకే నేను ఎప్పుడూ చెబుతాను: మీ నోట్‌బుక్‌లో ఉచ్చారణ తెలుగు అక్షరాల్లో రాసుకోండి. తెలుగు నుంచి చైనీస్‌కి నేరుగా దారి ఉండగా ఇంగ్లీషు చుట్టూ తిరిగి ఎందుకు వెళ్ళాలి? ఈ రోజు నేను చెప్పదలుచుకున్న విషయం నిజానికి ఇదే.

చైనీస్‌లో ఒకే శబ్దాన్ని గొంతు ఎత్తుదించుతూ నాలుగు స్వరాల్లో పలుకుతారు, స్వరం మారితే మాట మారుతుంది. మన ‘తా’ది మూడో స్వరం. గొంతు బాగా కిందికి దించి పలకాలి. మొదటి స్వరంతో సమంగా పైన పట్టి ‘తా’ అంటే అది వేరే అక్షరం, దాని అర్థాల్లో ఒకటి ఇతరుల బండి ఎక్కడం. అందుకే పై స్వరంతో ‘తా ఛ’ అంటే లిఫ్ట్ తీసుకుని వెళ్ళడం, కింది స్వరంతో ‘తా ఛ’ అంటే డబ్బిచ్చి ట్యాక్సీ మాట్లాడుకోవడం. రెండో స్వరంతో పలికితే జవాబు. నాలుగో స్వరంతో పలికితే పెద్దది. ఇంకొక నియమం కూడా గుర్తుంచుకోండి: మూడో స్వరం పక్కన మరో మూడో స్వరం వస్తే మొదటిది పైకి లేచి రెండో స్వరంలా వినబడుతుంది. ‘తా సాన్’, అంటే గొడుగు పట్టడం, ఇందులో ‘తా’ పైకి లేస్తుంది. ‘తా సావ్’, ఊడ్చి తుడిచి శుభ్రం చేయడం, ఇందులో కూడా అంతే.

ఇప్పుడు అర్థం. పాఠ్యపుస్తకాల్లో ఈ అక్షరం పక్కన ‘టు హిట్’ అని ఉంటుంది. కింద ఇంకో వరుసలో ‘టు ప్లే’, ‘టు మేక్’, ‘టు కాల్’ అని ఉంటాయి. విద్యార్థి ఆ వరుస చూసి భయపడతాడు. హిట్ ఎక్కడ, ప్లే ఎక్కడ, కాల్ ఎక్కడ, ఒకదానికొకటి సంబంధమే లేదు అనుకుంటాడు.

ఒక్కసారి ఆ వరుస పక్కన పెట్టి, తెలుగులో ‘కొట్టు’ అనే మాట తీసుకోండి. మనం ఏమేం కొడతాం? కొబ్బరికాయ కొడతాం. కట్టెలు కొడతాం. డప్పు కొడతాం. సిక్సర్ కొడతాం. ‘ఊరికి చేరగానే ఫోన్ కొట్టు’ అంటాం. ఆఫీసులో ఉత్తరం టైపు కొడతాం. సైకిల్ టైరుకి గాలి కొడతాం. పత్తి చేనుకి మందు కొడతాం. ఇందులో కోపం గానీ దెబ్బ గానీ ఎక్కడా లేదు. అయినా వీటికి ఇరవై అర్థాలు ఉన్నాయని మనం ఎప్పుడూ బెదిరిపోలేదు. చిన్నప్పటి నుంచి ఏ మాట పక్కన ‘కొట్టు’ వస్తుందో చెవితో పట్టుకున్నాం, అంతే.

ఇప్పుడు చైనీస్ వినండి. కట్టెలు కొట్టడం ‘తా ఛాయ్’. డప్పు కొట్టడం ‘తా కూ’. ఫోన్ కొట్టడం ‘తా త్యెన్ హ్వా’. టైపు కొట్టడం ‘తా ట్స’. టైరుకి గాలి కొట్టడం ‘తా ఛీ’. చేనుకి పురుగుమందు కొట్టడం ‘తా నుంగ్ యావ్’. ఒక్కటి కూడా నేను బలవంతంగా జత కట్టలేదు. పంపుతో గాలి కొట్టే పనికీ, స్ప్రేయర్ భుజాన వేసుకుని మందు కొట్టే పనికీ చైనా రైతు కూడా మనం వాడే మాటే వాడతాడు. వరంగల్ పత్తి రైతుకి ‘తా నుంగ్ యావ్’ అర్థం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. అదే మాట ఇంగ్లీషులో వివరించాలంటే ‘హిట్’ నుంచి ‘స్ప్రే’ దాకా వంతెన కట్టాలి.

ఎందుకిలా జరిగిందని అడుగుతారా? రెండు భాషలకీ చుట్టరికం లేదు, కుటుంబాలే వేరు. కానీ చేత్తో, ఒక పనిముట్టుతో, ఊపుతో, మళ్ళీ మళ్ళీ చేసే పనిని రెండు భాషలూ ఒకే మాట కిందికి తెచ్చుకున్నాయి. మొదట దెబ్బ. తర్వాత దెబ్బతో తయారయ్యే వస్తువు. కమ్మరి ఇనుము కొట్టడం ‘తా థ్యే’. తర్వాత చేతి కదలికతో జరిగే ఏ పనైనా సరే. అలా మెల్లగా చెయ్యి కూడా మాయమై ‘చేయడం’ అనే అర్థం మిగిలింది.

మొదట ఆ మాట మొత్తం దెబ్బే. చైనీస్ అక్షరాల తొలి పెద్ద నిఘంటువు ‘ష్వో వెన్’, సుమారు క్రీ.శ. 100 నాటిది. దాని మూల పాఠంలో ఈ అక్షరం లేదు. 986లో షూ ష్వాన్ అనే పండితుడు దాన్ని పరిష్కరించి కొత్తగా చేర్చిన అక్షరాల్లో ఇదొకటి. అక్కడ అర్థం ఒక్క మాటలో ఇచ్చారు: కొట్టడం. చెయ్యి అర్థానికి, ‘తింగ్’ శబ్దానికి అని కూడా రాశారు.

ఇప్పుడు ఆ మహాపండితుడి దగ్గరికి వద్దాం. పేరు ఓయాంగ్ ష్యూ. 1007లో పుట్టి 1072లో పోయాడు. సోంగ్ రాజవంశ కాలపు మంత్రి, చరిత్రకారుడు, గొప్ప వచన రచయిత. మన లెక్కలో చెప్పాలంటే నన్నయ కాలంవాడు. అక్కడ రాజమహేంద్రవరంలో భారతం తెలుగులోకి వస్తున్న శతాబ్దంలోనే ఈయన తన ‘కుయ్ థ్యెన్ లూ’ అనే జ్ఞాపకాల సంపుటిలో ఈ అక్షరం మీద ఫిర్యాదు రాశాడు. ఈ కాలపు మాటల్లో పెద్దవాళ్ళూ సామాన్యులూ తేడా లేకుండా అందరూ కలిసి చేస్తున్న తప్పు ఒక్కటే, అది ‘తా’ అనే అక్షరం అన్నాడు. అని ఊరుకోలేదు, ఉదాహరణలు ఇచ్చాడు. పడవలు, బళ్ళు తయారుచేయడాన్ని ‘తా’ అంటున్నారు. వల వేసి చేపలు పట్టడాన్ని ‘తా’ అంటున్నారు. నీళ్ళు తోడడం, పనివాళ్ళకి అన్నం అందించడం, సైనికులకి బట్టలూ తిండిగింజలూ ఇవ్వడం, యజమాని వెనక నౌకరు గొడుగు పట్టడం, జిగురుతో కాగితం అంటించడం, కొలకర్రతో నేల కొలవడం, అన్నీ ‘తా’నే. మహామహా పండితులు కూడా ఇలాగే మాట్లాడుతున్నారు, నిఘంటువులన్నీ తిరగేస్తే ఈ ఉచ్చారణతో అక్షరమే దొరకడం లేదు అని ఆయన బాధ.

ఆ చివరి మాట మనకి చాలా విలువైనది. అంటే అప్పటికే జనం నోట్లో శబ్దం ఒకటి, నిఘంటువులో శబ్దం మరొకటి. నిఘంటువులో ఉన్న పాత ఉచ్చారణ చివర ముక్కుతో పలికే శబ్దం ఉండేది, ‘తింగ్’కి దగ్గరగా. అందుకే కుడివైపు ‘తింగ్’ పెట్టారు. జనం నోట్లో ఆ ముక్కు శబ్దం ఎగిరిపోయి ‘తా’ అయింది. అక్షరంలో పాత శబ్దం అలాగే నిలిచిపోయింది.

నాకు ఓయాంగ్ ష్యూ మీద ఎంతో గౌరవం. తప్పు అని పేరు పెట్టినా, జనం మాటని అంత శ్రద్ధగా చెవిపెట్టి విని, ఒక్కొక్క ఉదాహరణా రాసిపెట్టాడు. ఆయన రాసిన వాటిలో చేపలు పట్టడం ‘తా యూ’, నీళ్ళు తోడడం ‘తా ష్వెయ్’, అన్నం పెట్టించుకోవడం ‘తా ఫాన్’, గొడుగు పట్టడం ‘తా సాన్’ వెయ్యేళ్ళ తర్వాత ఇవాళ కూడా చెక్కుచెదరలేదు. మెడికల్ కాలేజీ క్యాంటీన్‌లో మీరు పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడినప్పుడు చేసే పని ‘తా ఫాన్’. హాస్టల్‌లో ఫ్లాస్క్ పట్టుకెళ్ళి వేడినీళ్ళు తెచ్చుకోవడం ‘తా ష్వెయ్’. కొన్ని మాత్రం దారి మార్చాయి. ‘తా ఛ’ అంటే ఆయన కాలంలో బండి తయారుచేయడం, ఇప్పుడు ట్యాక్సీ మాట్లాడుకోవడం. కొలకర్రతో నేల కొలవడం అనే ‘తా ల్యాంగ్’ ఇప్పుడు మనిషిని ఎగాదిగా చూడడం. కర్రతో కొలిచేది పోయి కళ్ళతో కొలిచేది వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దంలో ల్యో పాన్‌నుంగ్ అనే భాషావేత్త, కవి, మళ్ళీ ఈ అక్షరం వెంట పడ్డాడు. 1891 నుంచి 1934 వరకు బతికిన మనిషి. ‘ఆమె’ అనే అర్థానికి చైనీస్‌లో విడిగా ఒక అక్షరాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు ఈయనే. ‘తా’తో మొదలయ్యే మాటలు పోగుచేస్తూ పోయాడు, ఎంత పోగుచేసినా తరగలేదు. చివరికి దాన్ని అర్థం తేలని దుర్మార్గపు అక్షరం అన్నట్టుగా తిట్టాడు. ఆ తిట్టుతో నేను ఏకీభవించను. అక్షరాన్ని ఒంటరిగా నిలబెట్టి అర్థం అడిగితే అది తేలదు. పక్కన ఉన్న మాటతో కలిపి అడిగితే ఎప్పుడూ తేలుతుంది. ‘తా సాన్’ విన్న ఏ చైనీయుడూ గొడుగుని బాదుతున్నారని అనుకోడు.

కాబట్టి నేర్చుకునే పద్ధతి ఒకటే. ‘తా’ని ఎప్పుడూ ఒంటరిగా రాసుకోకండి. పక్క మాటతో కలిపి, జతగా రాసుకోండి, జతగా పలకండి.

తెలుగు మనకి సాయం చేస్తుందని చెప్పాను. ఎక్కడ సాయం చేయదో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. మనం తలుపు కొడతాం, చైనీయులు తలుపు తట్టడానికి మామూలుగా ‘తా’ వాడరు. ‘ఛ్యావ్ మెన్’ అంటారు, మెల్లగా తట్టడం అనే వేరే క్రియ. మనం చప్పట్లు కొడతాం, వాళ్ళది ‘కూ చాంగ్’. మనం ఈత కొడతాం, వాళ్ళది ‘యో యుంగ్’. పరీక్షలో కాపీ కొట్టడం ‘ఛావ్’. పెట్రోలు కొట్టించడం ‘చ్యా యో’. అన్నట్టు ఆ ‘చ్యా యో’నే స్టేడియంలో ఆటగాళ్ళని ఉత్సాహపరచడానికి కూడా అరుస్తారు. టైరుకి గాలి కొట్టే ‘తా ఛీ’కి కూడా మనిషికి ధైర్యం చెప్పడం అనే అర్థం ఉంది. నీరసపడ్డవాడికి వీళ్ళు గాలి కొడతారు, పెట్రోలూ పోస్తారు.

అటువైపు నుంచి చూస్తే, మనం కొట్టని చోట వాళ్ళు కొడతారు. ఊలుతో స్వెటర్ అల్లడం ‘తా మావ్ ఈ’. బావి తవ్వడం ‘తా చింగ్’. కోర్టులో కేసు నడపడం ‘తా క్వాన్ స’. ఉరమడం ‘తా లెయ్’. పలకరించడం ‘తా చావ్ హూ’. హోటల్‌లో మిగిలింది పార్సెల్ కట్టించుకోవడం ‘తా పావ్’. జీతానికి కూలికి పనిచేయడం ‘తా కుంగ్’. పల్లెలు వదిలి నగరాల్లో ఫ్యాక్టరీలకి వెళ్ళిన కోట్లమంది తమ బతుకుని ఈ ఒక్క మాటతోనే చెప్పుకున్నారు.

ఆటల దగ్గర ఒక చిన్న జాగ్రత్త. చేత్తో ఆడే ఆటలకే ‘తా’. బాస్కెట్‌బాల్, టెన్నిస్, బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ అన్నీ ‘తా’. ఫుట్‌బాల్‌కి మాత్రం ‘థీ’, అంటే తన్నడం. ‘తా’ అక్షరంలో ఎడమపక్క చెయ్యి ఉన్నట్టే ‘థీ’ అక్షరంలో ఎడమపక్క కాలు గుర్తు ఉంటుంది. రాసేటప్పుడు గమనించండి, మరిచిపోరు.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన భాగం. తెలుగులో ‘పగలగొట్టు’ అనే మాట చూడండి. ‘పగల’, ‘కొట్టు’. ఫలితం ముందు, పని వెనక. విరగ్గొట్టు, పడగొట్టు, ఓడగొట్టు అన్నీ ఇదే అచ్చు. చైనీస్‌లో కూడా సరిగ్గా ఇవే రెండు ముక్కలు, వరుస మాత్రం తిరగబడుతుంది: పని ముందు, ఫలితం వెనక. ‘తా ఫ్వో’, కొట్టు, పగులు: పగలగొట్టు. ‘తా త్వాన్’, కొట్టు, విరుగు: విరగ్గొట్టు. ‘తా తావ్’, కొట్టు, పడు: పడగొట్టు. ‘తా పాయ్’, కొట్టు, ఓడు: ఓడగొట్టు. ‘తా తావ్’ని నినాదాల్లో వాడతారు, మన ఊరేగింపుల్లో ‘నశించాలి’ అన్నట్టుగా. ‘తా త్వాన్’ కాలు విరగ్గొట్టడానికీ, ఎదుటివాడి మాటని మధ్యలో తుంచేయడానికీ రెండింటికీ వస్తుంది.

చైనీస్ వ్యాకరణ పుస్తకాల్లో ఈ నిర్మాణానికి ఫలిత పూరకం అని ఒక పెద్ద అధ్యాయం ఉంటుంది. చాలా దేశాల విద్యార్థులు ఇక్కడే ఆగిపోతారు. ఎందుకంటే ఇంగ్లీషులో ‘బ్రేక్’ అనే ఒక్క మాటలో పని, ఫలితం రెండూ కలిసిపోయి ఉంటాయి, విడదీసి ఆలోచించే అలవాటు వాళ్ళకి లేదు. మనకి ఉంది. పగలడం వేరు, పగలగొట్టడం వేరు అని మనకి తెలుసు. కాబట్టి వరుస తిప్పుకోవడం ఒక్కటే మనం నేర్చుకోవాల్సింది.

ఈ జతల్లో రోజూ వాడేది ‘తా ఖాయ్’: తెరవడం. కిటికీ, పుస్తకం, కంప్యూటర్, సీసా మూత, అన్నింటికీ. ఇందులో ఇక దెబ్బ ఏమీ లేదు. మధ్యలో ‘పు’ అనే నిషేధం పెట్టి ‘తా పు ఖాయ్’ అంటే ‘తెరుచుకోవడం లేదు’. అదే పద్ధతిలో ‘తా పు థుంగ్’ అంటే ‘ఫోన్ కలవడం లేదు’. కొట్టాను గానీ అవతలికి చేరలేదు అని భావం.

ఫోన్ మాట వచ్చింది కాబట్టి వాక్యం కూడా చూద్దాం. ‘నేను అమ్మకి ఫోన్ కొడుతున్నాను’ అని చెప్పాలి. మన విద్యార్థులు మనసులో ముందు ఇంగ్లీషు వాక్యం కట్టుకుని, క్రియ తర్వాత అమ్మని పెట్టేస్తారు. తప్పు. తెలుగు వాక్యమే మనసులో పెట్టుకోండి. ‘అమ్మకి’ ఎక్కడుంది? క్రియకి ముందు. చైనీస్‌లో కూడా అంతే: ‘వో కెయ్ మామా తా త్యెన్ హ్వా’. నేను, కి, అమ్మ, కొట్టు, ఫోన్. ‘కి’ని అమ్మకి వెనక కాకుండా ముందు పెట్టండి, ఫోన్‌ని చివరికి జరపండి, అయిపోయింది.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. తొందరలో ‘కెయ్’నీ ‘త్యెన్ హ్వా’నీ మింగేసి ‘వో తా నీ’ అనకండి. దానికి అర్థం ‘నిన్ను కొడతాను’. ‘తా’ పక్కన కర్మగా మనిషి వస్తే అది నిజమైన దెబ్బే. వస్తువు పక్కన ఈ క్రియ ఎన్ని వేషాలైనా వేస్తుంది, మనిషి పక్కన మాత్రం మొదటి అర్థానికి వెళ్ళిపోతుంది. ‘నేను నీకు ఫోన్ చేస్తాను’ అనడానికి ‘వో కెయ్ నీ తా త్యెన్ హ్వా’ అని నిండు వాక్యం చెప్పండి.

వ్యాపారం చేసేవాళ్ళు ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా రాసుకోండి. డిస్కౌంట్ ఇవ్వడం ‘తా చ’. మధ్యలో ఒక అంకె వస్తుంది. ‘తా పా చ’ అంటే అందులో ఎనిమిది ఉంది. ఎనభై శాతం తగ్గించారని ఎగిరి గంతేయకండి. పదింట ఎనిమిది వంతులు మీరు కట్టాలి, తగ్గింపు 20 శాతమే. ‘తా చ్యో చ’ అంటే తొమ్మిది, తగ్గింపు 10 శాతం. ‘తా పా వూ చ’ అంటే ఎనిమిదిన్నర, తగ్గింపు 15 శాతం. ‘తా త్వెయ్ చ’ అంటే సగం ధర. మనం తగ్గించేది చెబుతాం, వాళ్ళు మిగిలేది చెబుతారు. అంకె ఎంత చిన్నదైతే మీకు అంత లాభం. ఇంకొకటి, ఇదే అక్షరాన్ని రెండో స్వరంతో ‘యీ తా’ అని చదివితే ఒక డజను. డజను అనే విదేశీ మాట శబ్దానికి ఈ అక్షరాన్ని అరువిచ్చారు. స్వరం మారిందంటే క్రియ కాదు, కొలత.

రెండో ముక్క కూడా క్రియే అయిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘తా స్వాన్’: ‘స్వాన్’ అంటే లెక్కపెట్టడం, మొత్తానికి అర్థం అనుకోవడం, ఉద్దేశం పెట్టుకోవడం. ‘తా థింగ్’: ‘థింగ్’ అంటే వినడం, మొత్తానికి ఆరా తీయడం. ‘తా పాన్’: ముస్తాబు కావడం. ‘తా రావ్’: ఇబ్బంది పెట్టడం. వీటిలో ‘తా’ని విడదీసి అర్థం వెతకొద్దు, రెండో ముక్కే బరువు మోస్తుంది. మర్యాద కోసం ఒక్క వాక్యం నోటికి పట్టించుకోండి: ‘తా రావ్ ఈ శ్యా’. కొంచెం ఇబ్బంది పెడుతున్నాను, ఏమీ అనుకోకండి అని. ఎవరి గది తలుపు దగ్గరికి వెళ్ళినా, దారి అడిగినా, ఈ మాటతో మొదలుపెడితే ఎదుటివాళ్ళ ముఖం తేటపడుతుంది.

కుర్రకారు మాటలు రెండు చెబుతాను. ‘తా చ్యాంగ్ యో’ అంటే సీసా పట్టుకెళ్ళి సోయా సాస్ కొలిపించుకుని తెచ్చుకోవడం. పిల్లవాడు పెద్దవాడయ్యాడని చెప్పడానికి సోయా సాస్ తెచ్చే ఈడు వచ్చింది అంటారు. 2008లో క్వాంగ్‌చౌలో ఒక టీవీ విలేకరి దారిన పోయేవాణ్ణి ఏదో గొడవ గురించి అభిప్రాయం అడిగితే, నాకేం సంబంధం, నేను సోయా సాస్ కొనుక్కోవడానికి వచ్చాను అన్నాడు. అప్పటి నుంచి ‘నాకు సంబంధం లేదు, ఊరికే ఇటు వచ్చాను’ అనడానికి దేశమంతా ఆ మాట పాకింది. రెండోది ‘తా ఖా’. ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు కార్డు కొట్టడం. ఇప్పుడు పేరున్న చోటికి వెళ్ళి ఫొటో దిగి పెట్టడం కూడా ‘తా ఖా’నే.

చివరిగా మెడికల్ విద్యార్థులకి. మీకు పాఠాలు ఇంగ్లీషులో చెప్పినా, వార్డులో పేషెంట్ మాట్లాడేది చైనీస్. ఆ పెద్దాయనకీ పెద్దావిడకీ మీ ఇంగ్లీషు రాదు. తుమ్ములు ‘తా ఫెన్ థీ’. ఆవలింత ‘తా హా ఛ్యెన్’. గురక ‘తా హూ లూ’. త్రేన్పు గానీ ఎక్కిళ్ళు గానీ ‘తా క’. చలితో వణుకు ‘తా హాన్ చాన్’. ఒంట్లో మన ప్రమేయం లేకుండా ఉన్నట్టుండి తన్నుకొచ్చేవాటికి చాలావరకు ‘తా’ వస్తుందని గమనించండి. అలా గుంపుగా పెట్టుకుంటే కేస్ షీట్ రాసేటప్పుడు తడబడరు.

సూదిమందు ‘తా చెన్’. సెలైన్ ఎక్కించడం ‘తా త్యెన్ తీ’. టీకా ‘తా యీ మ్యావ్’. ఇక్కడ తెలుగుకీ చైనీస్‌కీ ఒక తేడా ఉంది. మనం ‘ఇంజెక్షన్ చేశాను’ అంటే డాక్టరు, ‘చేయించుకున్నాను’ అంటే పేషెంటు. క్రియలోనే ఎవరెవరో తెలిసిపోతుంది. చైనీస్‌లో క్రియ మారదు. పేషెంటు ‘వో తా చెన్ లె’ అంటే నేను ఇంజెక్షన్ చేయించుకున్నాను అని. నర్సు ‘కెయ్ థా తా చెన్’ అంటే అతనికి ఇంజెక్షన్ చేయమని. ‘కెయ్’, అంటే మన ‘కి’, ఉందా లేదా అని చూడండి. ఉంటే దాని వెంటనే వచ్చే మనిషికి ఇంజెక్షన్, లేకపోతే సాధారణంగా ‘తా’కి ముందున్న మనిషే చేయించుకునేవాళ్ళు. డ్యూటీలో ఈ ఒక్క ముక్క మీద ఎంతో ఆధారపడి ఉంటుంది, దయచేసి బాగా సాధన చేయండి.

ఇప్పుడు ఒక్కొక్కరూ తెలుగులో ‘కొట్టు’తో ఒక మాట చెప్పండి. దానికి చైనీస్‌లో ‘తా’ వస్తుందో రాదో మిగతావాళ్ళు ఊహించి చెప్పాలి, నేను బోర్డు మీద రెండు వరుసలుగా రాస్తాను. ఎడమవైపు మొదటి బెంచీ నుంచి మొదలుపెడదాం. చెప్పండమ్మా.